నెగ్గిన రకం ఎన్ని పోలికల్లో నెగ్గింది?

సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరుల దగ్గర కుక్కుట శాస్త్రం మాట వినబడుతుంది. ఏ వారం, ఏ నక్షత్రంలో, ఏ దిక్కున వదిలితే డేగ మీద కాకి నెగ్గుతుందో, నెమలి ఎప్పుడు ఓడుతుందో (ఇవి పుంజుల రంగుల పేర్లు) అందులో ఉంటుంది. పందేలు వద్దని చట్టం చెప్పినా ఆ శాస్త్రం మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. నమ్మేవారిని కదిపితే సాక్ష్యం కూడా చూపిస్తారు, ఫలానా వారం ఫలానా రంగు మూడేళ్లుగా తప్పలేదంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని అనక్కర్లేదు. లెక్క కోసం రంగులు ఎనిమిది, వారాలు ఏడు, దిక్కులు ఎనిమిది అనుకుందాం. మొత్తం 448 సూత్రాలవుతాయి. శాస్త్రంలో పస ఏమీ లేకపోయినా, ఒక్కో సూత్రం గాలివాటున నిజమనిపించే అవకాశం 20లో 1 అయితే, సుమారు 22 సూత్రాలు గట్టిగా నిలబడ్డట్టే కనిపిస్తాయి. బరి దగ్గర చెప్పుకునేవి ఆ 22 గురించే. తక్కిన 426 ఏమయ్యాయని అడిగేవాడు ఉండడు.

గణాంకశాస్త్రంలో దీన్ని బహుళ పోలికల సమస్య అంటారు. పందెగాళ్లనే అని లాభం లేదు. పద్ధతిగా, నిజాయితీగా పనిచేసే పరిశోధకులూ ఇదే గోతిలో పడతారు. ఎన్నో పోలికలు చేసినప్పుడు ఒక్కోదానికి పెట్టే పరీక్షను బిగించాలా? బిగిస్తే ఎంత? అసలు ఎన్ని పోలికలు చేశామన్నది ఎవరు లెక్కపెట్టాలి? తొంభై ఏళ్లుగా సాగుతున్న ఈ వాదాన్ని సమీక్షించడానికి వరి పొలానికి మించిన చోటు లేదు. ఈ వాదంలో సగం పుట్టింది పొలంలోనే.

ఇరవైలో ఒకటి

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వరి పరిశోధనా స్థానం 1925లో మొదలైంది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేస్తున్న రోనాల్డ్ ఫిషర్ పరిశోధకుల కోసం గణాంక పద్ధతుల పుస్తకం అచ్చువేశాడు. రెండింటికీ ముడి లేదు గానీ, ఫిషర్ నేర్పిన విధానంలోనే తర్వాతి కాలపు వరి ప్రయోగాలన్నీ నడిచాయి. మడికీ మడికీ నేల తేడా ఉంటుంది, నీరు ఎక్కే తీరు తేడా ఉంటుంది. కాబట్టి ప్రతి రకాన్నీ మూడు నాలుగు చోట్ల, ఏది ఎక్కడ నాటాలన్నది చీటీ వేసినట్టు నిర్ణయించి నాటాలి. ఒకే రకం మడికీ మడికీ ఎంత తేడాగా పండిందో చూసి, ఆ సహజమైన తేడాతో రకాల మధ్య తేడాను పోల్చాలి. రకాల మధ్య నిజంగా తేడా ఏమీ లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ ఉత్త యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 20లో 1 కన్నా తక్కువైతే, ఆ తేడాకు సార్థకత ఉందంటారు. ఈ అవకాశాన్ని చెప్పే అంకెకే పి-విలువ అని పేరు.

ఒకే పోలికకు ఈ గీత ఫరవాలేదు. పోలికలు పెరిగితేనే చిక్కు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికలు చేస్తే, ఎక్కడా నిజమైన తేడా లేకపోయినా, ఏదో ఒకటైనా గీత దాటే అవకాశం 64 శాతం. పొలంలో పోలికలు ఇంకా వేగంగా పెరుగుతాయి. 12 రకాలు నాటితే జంటలు 66. కోక్రన్, కాక్స్ తమ ప్రయోగ రచనల పుస్తకంలో ఈ ప్రమాదాన్ని సూటిగా చూపించారు. అన్నీ సమానమైన రకాలే అయినా, మొదటి స్థానంలో నిలిచినదానికీ చివరి దానికీ మధ్య తేడా మామూలు గీతను దాటే సందర్భాలు 3 రకాలున్నప్పుడు 13 శాతం, 6 ఉంటే 40, 10 ఉంటే 60, 20 ఉంటే 90 శాతం.

సి.డి. అనే అలవాటు

మన వ్యవసాయ పరిశోధనా నివేదికల పట్టికల్లో అడుగున ఒక వరుస తప్పకుండా ఉంటుంది: క్రిటికల్ డిఫరెన్స్, వాడుకలో సి.డి. రెండు రకాల సగటు దిగుబడుల తేడా ఆ అంకెను మించితే తేడా ఉన్నట్టు, లేకపోతే రెండూ ఒకటే అన్నట్టు. ఇది ఫిషర్ పద్ధతే. పాన్సే, సుఖాత్మే రాయగా భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1954లో ప్రచురించిన పాఠ్యపుస్తకం చదివి తరాలకు తరాలు దీన్ని నేర్చుకున్నాయి. చేత్తో లెక్కలు చేసుకునే కాలంలో అది వరమే. ఒక్క అంకె ఉంటే పట్టిక మొత్తం చదివేయవచ్చు.

చిక్కంతా ఆ చదవడంలో ఉంది. సి.డి. ముందే అనుకున్న ఒకటి రెండు జంటల కోసం పుట్టిన కొలబద్ద. పట్టిక తయారయ్యాక అన్నిటికన్నా పైనున్నదాన్ని, అన్నిటికన్నా కిందున్నదాన్ని ఏరి కొలిస్తే, 66 జంటల్లో ఎక్కువ తేడా ఉన్నదాన్ని చూసుకుని ఒకే జంటను పరీక్షించినట్టు చెప్పుకోవడమే. ఫిషర్ దీనికి ఒక తాళం వేశాడు. ముందు మొత్తం రకాల మధ్య తేడా ఉందో లేదో ఎఫ్ పరీక్షతో చూడండి, ఉందని తేలితేనే జంటల జోలికి వెళ్లండి అన్నాడు. రకాలన్నీ సమానమైనప్పుడు ఆ తాళం గట్టిగానే కాపాడుతుంది. కానీ 12 రకాల్లో ఒక్కటి దోమపోటుకు కూలిపోయి బాగా తక్కువ పండిందనుకోండి. ఎఫ్ పరీక్ష ఆ ఒక్కదాని మూలంగా తాళం తీసేస్తుంది. తక్కిన 11 రకాల మధ్య ఉన్న 55 జంటలకు ఇక కాపలా ఉండదు.

గీతను జరిపిన వాళ్లు

మొదట వచ్చింది అన్నిటికన్నా సులువైన మందు. 5 శాతాన్ని పోలికల సంఖ్యతో భాగించి, ఒక్కో పోలికకు ఆ వాటానే ఇవ్వడం. ఇటలీ గణితవేత్త కార్లో బోన్‌ఫెరోనీ 1936లో ఇచ్చిన అసమానత దీనికి ఆధారం. దాన్ని పరిశోధకుల చేతికి పనిముట్టుగా అందించినది ఆలివ్ జీన్ డన్, 1961లో. 66 జంటలకు ఒక్కోదాని వాటా 0.00076. పోలికల మధ్య సంబంధం ఎలా ఉన్నా ఈ పద్ధతి పనిచేస్తుంది. అందుకు మూల్యంగా నిజమైన తేడాలనూ చాలావరకు మింగేస్తుంది.

జాన్ టూకీ 1953 నాటి చేతిప్రతిలో అసలు సమస్యకే పేరు పెట్టి, జంటలన్నిటికీ సరిపోయే ఒకే గీత కట్టాడు. అదే ఏడాది హెన్రీ షెఫే రెండు రకాల తేడాలనే కాక, మూడు రకాల సగటును మరో రెండిటి సగటుతో పోల్చడం వంటి ఎన్ని పోలికలనైనా కాపాడే గీత ఇచ్చాడు. 1955లో డేవిడ్ డంకన్ చేసిన బహుళ వ్యాప్తి పరీక్ష మన వ్యవసాయ పత్రికల్లో బాగా నాటుకుంది. పట్టికలో సగటుల పక్కన ఎ, బి, సి అక్షరాలు కనబడితే చాలాసార్లు అదే. అక్షరాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ డంకన్ కాపలా పలచన. 12 రకాల్లో మొదటిదానికీ చివరిదానికీ మధ్య పోలికకు అది ఇచ్చే రక్షణ 0.95ను పదకొండుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 57 శాతమే.

అదే ఏడాది చార్లెస్ డన్నెట్ అడిగిన ప్రశ్న మనకు మరీ దగ్గరిది. చాలా ప్రయోగాల్లో ప్రతి రకాన్నీ ప్రతి రకంతో పోల్చాల్సిన పని లేదు. ఇప్పుడు రైతు పొలంలో ఉన్న ప్రామాణిక రకాన్ని కొత్తది మించిందా లేదా అన్నదే కావాలి. మార్టేరు నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఎన్నో ఏళ్లు సార్వా (ఖరీఫ్) పొలాల్లో అలాంటి చెక్ రకం. 11 కొత్త రకాలను స్వర్ణతో పోలిస్తే పోలికలు 66 కావు, 11.

ఎంత తేడా పడుతుందో అంకెల్లో చూద్దాం. 12 రకాలు, మూడేసి మళ్ల ప్రయోగం అనుకోండి. సి.డి. హెక్టారుకు 4 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. అదే పట్టికకు టూకీ గీత సుమారు 7 క్వింటాళ్లు. బోన్‌ఫెరోనీ అయితే ఇంకా పైన. చెక్ రకంతో మాత్రమే పోల్చే డన్నెట్ గీత 6 క్వింటాళ్లకు కాస్త లోపు. అంటే చెక్ కన్నా 5 క్వింటాళ్లు ఎక్కువ పండిన రకం సి.డి. ప్రకారం గెలిచినట్టు, డన్నెట్ ప్రకారం ఇంకా తేలనట్టు. పొలం మారలేదు, పంట మారలేదు. మారింది మనం అడిగిన ప్రశ్న ఒక్కటే.

ఈ వరుసలో తెలుగువారి చేయి కూడా ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు అనేక లక్షణాలను ఒకేసారి పరీక్షించే గణాంకానికి పునాదులు వేశారు. కలకత్తాలో రావు చేరిన సంస్థలోనే పనిచేసిన ఎస్.ఎన్. రాయ్ 1953లో ఒక పెద్ద పరికల్పనను అనేక చిన్న పరికల్పనల సంధిగా చూసే మార్గం చూపించారు. తెలుగువారైన పి.ఆర్. కృష్ణయ్య ఆ మార్గాన్ని పనికొచ్చే పరీక్షలుగా మలిచారు. రాయ్ పద్ధతి అనంతమైన పోలికలకు కాపలా కాస్తుంది కాబట్టి మరీ బిగుతు. మనకు కావలసినవి కొన్నే అయితే ఆ కొన్నిటికే కాపలా పెడదాం అన్నది కృష్ణయ్య ప్రతిపాదించిన పరిమిత సంధి పరీక్షల సారం. దిగుబడి, పిలకల సంఖ్య, వెన్నుకు గింజలు, వెయ్యి గింజల బరువు అన్నీ ఒకేసారి కొలిచే ప్రయోగానికి అచ్చంగా పనికొచ్చే ఆలోచన అది. బహుచర విశ్లేషణకు అంకితమైన అంతర్జాతీయ పత్రికను 1971లో స్థాపించిందీ ఆయనే.

1979లో స్వీడన్‌కు చెందిన స్టూర్ హోమ్ బోన్‌ఫెరోనీ మందులోనే చేదు కాస్త తగ్గించాడు. పి-విలువలను చిన్న నుంచి పెద్దకు పేర్చండి. 20 పోలికలుంటే మొదటిదానికి 5 శాతంలో 20వ వంతు గీత, రెండోదానికి 19వ వంతు, మూడోదానికి 18వ వంతు. ఎక్కడ ఒకటి తప్పితే అక్కడ ఆగిపోండి. రక్షణ అంతే, దొరికేవి ఎక్కువ. ఇది తెలిశాక కూడా మామూలు బోన్‌ఫెరోనీనే పట్టుకుని ఉండడానికి అలవాటు తప్ప కారణం కనిపించదు.

తాలు శాతం

ఇవన్నీ ఒక్క పొరపాటైనా జరగకూడదనే పట్టుదల మీద నిలిచినవి. 1995లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు యోవ్ బెంజమినీ, యోసెఫ్ హోచ్‌బెర్గ్ ప్రశ్ననే మార్చారు. గెలిచినవని ప్రకటించిన వాటిలో ఉత్తుత్తివి ఎంత శాతం ఉంటే భరించగలం? ఇది కళ్లం దగ్గర రైతుకు తెలిసిన ప్రశ్నే. బస్తాలో ఒక్క తాలు గింజ కూడా ఉండకూడదని ఎవరూ అనరు. తాలు ఇంత శాతం మించకూడదంటారు.

వీరి పద్ధతిలోనూ పి-విలువలను పేర్చాలి. 20 పోలికల్లో మొదటిదాని గీత 0.0025, రెండోదానిది 0.005, మూడోదానిది 0.0075, ఇలా పెరుగుతూ పోతుంది. అన్నిటికన్నా పెద్ద విలువ నుంచి వెనక్కి చూస్తూ వచ్చి, తన గీతకు లోబడిన మొదటి విలువ దగ్గర ఆగి, దాన్నీ దానికన్నా చిన్నవాటన్నిటినీ గెలిచినట్టు ప్రకటించాలి. పోలికలు పదుల్లో ఉన్నప్పుడు ఇది సౌకర్యం, లక్షల్లో ఉంటే ఇలాంటిది లేనిదే పని జరగదు.

వరి ఇప్పుడు లక్షల్లోకి వెళ్లింది. మూడు వేల వరి రకాల జన్యుక్రమాలు 2014లో బయటికి వచ్చాయి. దోమపోటును తట్టుకునే జన్యువు ఎక్కడుందో వెతకాలంటే 10 లక్షల జన్యు గుర్తులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. 5 శాతం గీత పెడితే, ఏమీ లేకపోయినా 50,000 గుర్తులు దొరికినట్టు కనిపిస్తాయి. అందుకే మనుషుల జన్యు పరిశోధనలో 2 కోట్లలో 1 అనే గీత స్థిరపడింది. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్‌ను ప్రకటించిన భౌతికశాస్త్రవేత్తలు 35 లక్షల్లో 1 అనే గీత దాటేదాకా ఆగారు. ఎన్నో చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట ఏదో కనిపిస్తుందని వాళ్లకు తెలుసు.

మిథునం, తుల

సవరణ సూత్రాల కన్నా మంచి పాఠం ఒక వైద్య ప్రయోగం చెప్పింది. గుండెపోటు వచ్చిన 17,187 మంది మీద జరిగిన ఐసిస్-2 ప్రయోగం ఫలితాలు 1988లో వచ్చాయి. ఆస్పిరిన్ వల్ల మరణాలు స్పష్టంగా తగ్గాయి. ఏ వయసువారికి, ఏ రకం రోగులకు ఎంత లాభమో విడివిడిగా చెప్పమని పత్రిక అడిగితే, పరిశోధకులు ఆ పట్టికలతో పాటు రాశుల పట్టిక కూడా ఇచ్చారు. మిథున, తుల రాశులవారికి ఆస్పిరిన్ కాస్త చెడే చేసినట్టు, తక్కిన రాశులవారికి గొప్పగా పనిచేసినట్టు వచ్చింది! పంచాంగం చూసి ఆస్పిరిన్ ఇవ్వమని వాళ్ల ఉద్దేశం కాదు. ఎన్ని ముక్కలుగా కోస్తే అన్ని వింతలు కనబడతాయని చూపించారు, అంతే.

ఆ ముక్కలు కోయడం పొలంలో మరీ సులువు. సార్వాలో తేలకపోతే దాళ్వా (రబీ) చూస్తాం. రెండూ కలిపి తేలకపోతే చౌడు నేలల్లో చూస్తాం. గింజ దిగుబడి తేలకపోతే గడ్డి దిగుబడి. చేను పడిపోయిన మళ్లను తీసేసి లెక్కవేస్తే తేలింది, ఉంచితే తేలలేదు. ఇందులో మోసం ఉండక్కర్లేదు. ప్రతి అడుగుకూ సబబైన కారణం ఉంటుంది. కానీ నడవగలిగిన దారులన్నీ పోలికలే, నడిచిన దారి ఒక్కటే పట్టికకు ఎక్కుతుంది. లెక్కకు రాని ఈ పోలికలను ఏ సూత్రమూ సవరించలేదు.

సవరించవద్దన్న వాళ్లు

సవరణలకు ఎదురు చెప్పినవారు తక్కువవారు కాదు. సాంక్రమిక రోగ శాస్త్రవేత్త కెన్నెత్ రోత్‌మన్ 1990లో సవరణలే అక్కర్లేదని నేరుగా వాదించారు. ప్రకృతిలో ఏమీ లేదన్న ఊహ మీద కట్టినవి ఈ సవరణలు, వాటివల్ల నిజమైన సంబంధాలు దొరక్కుండా పోతాయి, పక్కన ఇంకెన్ని ప్రశ్నలు అడిగామన్నదాన్ని బట్టి ఒక ప్రశ్నకు జవాబు మారడం అసంగతం అన్నారు. 1998లో పెర్నెగర్ బోన్‌ఫెరోనీ మీద ఇలాంటి విమర్శే చేశారు.

ఇందులో బలం ఉంది. కలిపి సవరించాల్సిన పోలికల కుటుంబం ఏది? ఒక పట్టికలోని పోలికలా, ఒక వ్యాసంలోనివా, ఒక శాస్త్రవేత్త జీవితమంతా చేసినవా? ఈ ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. ఇంకో విమర్శ వ్యవసాయానికి నేరుగా తగులుతుంది. హెక్టారుకు నత్రజని 0, 40, 80, 120 కిలోలు వేసిన ప్రయోగంలో మోతాదులను జంటలు జంటలుగా పోల్చి అక్షరాలు తగిలించడమే తప్పు. అక్కడ గీయాల్సింది మోతాదుకూ దిగుబడికీ మధ్య వక్రం. ఎక్కడ అదనపు ఎరువు ఖర్చు అదనపు దిగుబడి విలువను మించుతుందో చూడాలి. ప్రశ్న తప్పైతే సవరణ దాన్ని ఒప్పు చేయదు.

2012లో ఆండ్రూ గెల్మన్, జెన్నిఫర్ హిల్, యాజిమా మూడో దారి చూపించారు. గీతను జరపకుండా అంచనాలనే సవరించాలన్నారు. దీని వెనకున్న సత్యం ప్రతి పరిశోధనా స్థానానికీ అనుభవమే. ఒక చోట మొదటి స్థానంలో నిలిచిన రకం మరుసటి ఏడాది, ఇంకో చోట, అంత పండదు. అది నిజంగా మంచి రకమే కావచ్చు. కానీ మొదటి స్థానానికి ఎక్కినదానిలో గుణంతో పాటు అదృష్టం కూడా కలిసి ఉంటుంది. రెండో ఏడాది గుణం వస్తుంది, అదృష్టం రాదు. కాబట్టి ప్రతి రకం సగటునూ మొత్తం సగటు వైపు కొంత లాగితే, సమాచారం తక్కువున్న రకాన్ని మరింత లాగితే, మిగిలే అంచనా రైతు పొలంలో కనబడేదానికి దగ్గరగా ఉంటుంది. నేటి ప్రజననకారులు వాడే మిశ్రమ నమూనాల లెక్క ఇదే.

ఏ దశకు ఏ గీత

ఇన్ని వాదాల తర్వాత నాకు తోచిన తీర్పు ఇది. ఎంత బిగించాలన్నది పట్టిక చెప్పదు. ఆ పట్టిక మీద ఏ నిర్ణయం తీసుకుంటామో అది చెబుతుంది. కొత్త రకం పొలానికి చేరే దారిలో ఈ నిర్ణయం దశ దశకూ మారుతుంది.

మొదటి దశలో వందల కొద్దీ వరుసలు నాటి వడపోస్తాం. అక్కడ ఒక పనికిరాని వరుస మరో ఏడాది మిగిలిపోతే పోయేది కొద్ది నేల, కొద్ది కూలి. ఒక మంచి వరుస జారిపోతే మళ్లీ దొరకదు. ఇక్కడ బోన్‌ఫెరోనీ పెట్టడం దండగ. తాలు శాతం గీత చాలు, లేదా అంచనాలను కుదించి పైనుంచి ఇన్ని తీసుకోవడం చాలు. తర్వాతి దశలో, అంటే 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం కింద జరిగే బహుళ ప్రాంత ప్రయోగాలలో ప్రశ్న చెక్ రకాన్ని మించిందా అన్నదే. అక్కడ డన్నెట్ ఉండాలి. కొత్త రకం విత్తనాల చిరుసంచులు రైతు చేతికి వెళ్లి, విడుదల నిర్ణయం జరిగే దశలో తప్పు చేస్తే నష్టం డెల్టా అంతా భరిస్తుంది. అక్కడ ముందే రాసిపెట్టుకున్న కొద్ది ప్రశ్నలకు, హోమ్ వంటి గట్టి గీత కావాలి. మొదటి దశలో ఉదారంగా ఉండగలగడం కూడా చివరి దశ కాపలా మీద ఆధారపడే. కొత్త మళ్లలో, కొత్త సంవత్సరంలో మళ్లీ పండించి చూడడాన్ని మించిన సవరణ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సి.డి. వరుసను పట్టికల నుంచి తీసేయమని అనను. దాన్ని ఏ పోలికలకు వాడారో రాయమంటాను. 66 జంటల్లో ఇష్టమైన జంటను ఏరుకుని సి.డి.తో కొలిచే అలవాటు మాత్రం మానుకోవాలి. ఏ సూత్రం వాడారన్నది రెండో ప్రశ్న. ఎన్ని రకాలు నాటారు, ఎన్ని లక్షణాలు కొలిచారు, ఎన్ని విధాలుగా లెక్కవేసి చూశారు అన్నది మొదటి ప్రశ్న. ఈ అంకె ఇస్తే చదివేవాడు సవరణ తనే చేసుకోగలడు. ఇవ్వకపోతే ఏ సవరణా అక్కరకు రాదు.

పరిశోధకులకు నా మనవి ఒక్కటే. నారు పోసే రోజునే, నోటు పుస్తకం మొదటి పేజీలో, ఈ ప్రయోగం జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఇన్ని అని రాసి తేదీ వేయండి. ఇక పాఠకులు, ఫలానా రకం ఎకరాకు ఇన్ని బస్తాలు ఎక్కువ పండిందన్న వార్త చదివినప్పుడు, ఎన్నిటితో పోల్చాక అని అడగండి.